మంచంకోడుకు పడ్డ నొక్కు

ఈ ఏడు తొలివానకే రాయచూరులోని మా వరండా కారింది. మూలన వేసివున్న పాత వేపమంచం తడిసి, ఎప్పటిదో చిన్ననాటి చేదువాసన ఇల్లంతా వదిలింది. బాగుచేయడానికి వచ్చిన వడ్లాయన కోళ్ళన్నీ తట్టి చూసి, ఒక కోడుకు కిందుగా చుట్టూ పడ్డ, వేలు పట్టేటంత నొక్కును చిత్రిక పట్టి సాపు చేస్తానన్నాడు. నేను వద్దన్నాను. పక్కన చాయ్ తాగుతున్న మా తమ్ముడు మల్లేశు ఆ నొక్కులో వేలు పెట్టి, "ఇదేందక్కా, ఎలుక గిట్ల కొరికిందా?" అని అడిగాడు. వాడికి నలభై దాటాయి. ఆ నొక్కు కథ నేను వాడికి ఎన్నడూ చెప్పలేదు.

మా ఊరు చిక్కసూగూరుకు అవతల. పొలం గట్టు మీద నిలబడితే కరెంటు ప్లాంటు చిమ్నీలు కనబడేవి. అవి లేచిన కొత్తలో మబ్బులు అక్కడే తయారవుతాయని పిల్లలం నమ్మేవాళ్ళం. ప్లాంటు వచ్చాక మా నాన్నతో సహా ఊళ్ళో సగంమంది మగవాళ్ళు సైకిళ్ళకు టిఫిన్ డబ్బాలు తగిలించుకుని అక్కడి పనులకు పోతే, సేద్యమంతా ఆడవాళ్ళ నడుం మీద పడింది. పొద్దున సైరను కూసే వేళకు ఊరంతా జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు, పుంటికూర తాలింపు వాసన, పల్లీల కారం దంచే రోకటిపోటు. ఆ తర్వాత వానాకాలమైతే కలుపుకు, చలికాలమైతే పత్తి ఏరడానికి ఆడవాళ్ళు కొంగులు దోపి బయలుదేరితే, సాయంత్రం దాకా ఊరు ముసలివాళ్ళకూ చిన్నపిల్లలకూ మిగిలేది.

నడక వచ్చి బుద్ధి ఇంకా రాని పిల్లల్ని మంచంకోడుకు కట్టేసి పోవడం మా దగ్గర ఆనవాయితీ. నడుముకు పాత చీరగుడ్డ మెత్తగా చుట్టి, దాని మీద పగ్గం ముడేసి, చెయ్యి అందేంత దూరంలో చెంబుతో నీళ్ళు, పళ్ళెంలో బొరుగులు పెట్టేవాళ్ళు. పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి పోకుండా అదే కాపలా. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. మా మంచానికి మా నాన్ననూ కట్టారు, నన్నూ కట్టారు; కోడుకు పడ్డ నొక్కు ఆ పగ్గాల రాపిడిదే. ఇంట్లో కాస్త ఎదిగిన ఆడపిల్ల ఉంటే మాత్రం తాడుతో పనిలేదు, ఆ పిల్లే తాడు. మల్లేశుకు రెండో ఏడు వచ్చేసరికి ఆ ఉద్యోగం నాకు దక్కింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. వాణ్ణి చంకనేసుకుని బడి కిటికీ బయట నిలబడి, లోపల కన్నడ పద్యం వల్లిస్తుంటే నేనూ పెదాలు కదిపేదాన్ని. వాడు ఏడుపు మొదలుపెడితే మేష్టరు పొమ్మని చెయ్యి ఊపేవాడు. ఏడాదికొకసారి ఎళ్ళ అమావాస్య నాడు, సజ్జరొట్టెలు మూటగట్టుకుని అందరం చేనుకు పోయి, భూమికి నైవేద్యంగా తిండి చరగ చల్లి, గట్టు మీద కూర్చుని తినేటప్పుడు వాడు అమ్మ ఒళ్ళో ఉండేవాడు. ఆ ఒక్కరోజే నా చంక ఖాళీ.

ఆ వానాకాలం బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడనీ, ఆ రోజు హాజరు పలకని వాళ్ళ పేర్లు కొట్టేస్తారనీ మేష్టరు చెప్పాడు. కలుపు మానితే మళ్ళీ పిలవరనీ, బడి ఎక్కడికీ పోదనీ అమ్మ అంది. పోతుందని నాకు తెలుసు. ఆ పొద్దున అమ్మ గడప దాటగానే వాడి నడుముకు గుడ్డ చుట్టాను, పగ్గం ముడేశాను, బొరుగులు పోశాను, తలుపు దగ్గరగా వేసి పరుగెత్తాను. గంటలో వచ్చేద్దామనుకున్నాను. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నానికి గానీ రాలేదు. నా పేరు పిలిచినప్పుడు హాజరు పలికిన నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

తిరిగి వచ్చేసరికి మంచం ఒక పక్కకు ఒరిగి పడివుంది. దాని కింద మల్లేశు. పగ్గం కాలికీ చేతికీ మెలిపడి, కనుబొమ్మ మీద నెత్తురు గడ్డకట్టి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరుస్తున్నాడు గానీ శబ్దం రావడం లేదు. కట్టేసిన పిల్లల ఏడుపు ఊరికి అలవాటే గానీ, నా కేకకు పక్కింటి నాగమ్మజ్జి, చూపు సరిగా ఆనని కన్నడపు ముసలావిడ, గోడ తడుముకుంటూ వచ్చి ముడి విప్పి, వాడి నోట్లో నీళ్ళు పోసింది. అంత భయం మళ్ళీ నాకు ఎప్పుడూ కలగలేదు.

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టివుంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. వాడి గాయానికి పసుపు అద్ది, ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు ఆడవాళ్ళెవరూ కలుపుకు పోలేదు. పిల్లల్ని ఎత్తుకుని పోయి చావడిలో కూర్చున్నారు. చావడి అంటే ఊరి నడుమ రాతిబండల పెద్ద గది. మగవాళ్ళు బీడీలు కాలుస్తూ పంచాయితీలు చెప్పే చోటు, ఆడవాళ్ళు దాని ముందు తల వంచుకుని నడిచే చోటు. వాన వెలిసిన అదను, చేలల్లో గడ్డి మోకాలెత్తు. ఊళ్ళో పెద్ద రైతు గౌడ వచ్చి ఇదేం తమాషా అని అడిగితే, మగవాళ్ళ ముందు ఎన్నడూ నోరెత్తని మా అమ్మ లేచి నిలబడింది.

"మా అత్త తన కొడుకును కట్టేసింది, నేను నా బిడ్డను కట్టేసిన. నిన్న నా బిడ్డ తమ్ముణ్ణి కట్టేసింది. తప్పు దానిది గాదు గౌడ్రే. పిల్లల్ని యాడ ఇడవాల్నో జెప్పుండ్రి, కలుపుకొస్తం."

రెండు రోజులు కలుపు ఆగింది. మూడో రోజు చావడి తాళంచెవి నాగమ్మజ్జి కొంగుకు చేరింది.

రోజుకొక ఇంటి తల్లి పని మానుకుని చావడిలో పిల్లల దగ్గర ఉండాలి; దాన్ని వంతు అనేవాళ్ళు. అజ్జికి వంతు లేదు, ఆమె రోజూ ఉండేది. మగవాళ్ళు గోడలకు సున్నం వేశారు. మా నాన్న సెలవు రోజున కూర్చుని కొయ్యబొమ్మలు చెక్కాడు. వాటిలో ఏది ఎద్దో ఏది కుక్కో ఆయనకే తెలియాలి. అక్షరం రాని తను ఏం నేర్పాలని తన వంతు నాడు అమ్మ బెంగపడి, చివరికి చేటలో కందులు, జొన్నలు, పల్లీలు కలిపిపోసి వేరు చేయమని పిల్లల ముందు పెట్టింది. అజ్జి వాటిని చేత్తో తడుముతూ ఒందు, ఎరడు, మూరు అని లెక్కపెట్టించింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం కావడంతో మేమంతా ఒకటో తరగతి ఏడుస్తూ గడిపినవాళ్ళం. చావడి నుంచి బడికి పోయిన పిల్లలు ఏడవలేదు. నేను పొద్దున్నే మల్లేశును అక్కడ దింపి, ఖాళీ చంకతో బడికి పరుగెత్తేదాన్ని; కొన్నాళ్ళ వరకూ నా నడుం అలవాటు కొద్దీ ఒక పక్కకే వంగేది.

ఇప్పుడు ఊరి చివర సర్కారు అంగన్‌వాడీ ఉంది. బొమ్మల గోడలు, ఉడికించిన గుడ్లు, చదువుకున్న టీచరమ్మ. అన్నీ మంచివే, ఎవరు కాదంటారు. కానీ తల్లులు గేటు దగ్గరే పిల్లల్ని వదిలి వెనుదిరుగుతారు, వంతు అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. చావడి రోడ్డు వెడల్పులో పోయింది. నాగమ్మజ్జి పోయింది, అమ్మ పోయింది. పిల్లల్ని పగ్గంతో కట్టేసే అలవాటూ పోయింది. అదొక్కటి పోయినందుకు నాకు విచారం లేదు.

కనుబొమ్మ మీది మచ్చ చావడిలో ఆడుతూ పడితే వచ్చిందని అమ్మ వాడికి చెప్పింది. ఊరంతా ఆ మాటే నిలబెట్టింది, నేనూ ఇన్నేళ్ళు దాని చాటునే బతికాను. వడ్లాయన వెళ్ళిపోయాక వాడికి అంతా చెప్పాను: గుడ్డ చుట్టింది, ముడేసింది, తలుపు మూసింది నేనేనని. వాడు నొక్కులోంచి వేలు తీయకుండా విన్నాడు. నేను వాడి ముఖం చూడలేకపోయాను. వాడే అడిగాడు.

"అయితే అక్కా, బడిల నీ పేరు కొట్టెయ్యలే గదా?"

కొట్టెయ్యలేదని తల ఊపాను.