పట్టుకునే చెయ్యి

కుడి చెయ్యి విరగలేదు, అదృష్టవంతురాలివి. గాజుల పీరాంబీకి ఈ మాట చెప్పని మనిషి అనకాపల్లిలో లేడు. పందొమ్మిదివందల అరవైమూడులో, బెల్లం బజారులో పాకం కారిన రాళ్ల మీద జారి, భుజానున్న గాజుల మలారంతో సహా పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్న నాటి నుంచీ వింటోంది. పిండికట్టు వేసిన డాక్టరు అన్నాడు. ఇరుగుపొరుగు అన్నారు. ఆఖరికి మొగుడు మౌలా సాహెబ్ కూడా, ఆమె ఒంటిచేత్తో వండిపెట్టిన అన్నం తింటూ, అంతా అల్లా దయ అనుకోమన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

వీళ్లకేం తెలుసు? మట్టిగాజు తొడగడం కుడిచేతి పని అనుకుంటారు, కదిలేది అదే కాబట్టి. ఎడమ చెయ్యి అవతలి మనిషి చేతిని ఒడిసిపట్టి, బొటనవేలి ఎముకను లోపలికి నొక్కి, గాజు దాటేదాకా అలా ఉండిపోతుంది. కుడి ఎంత తోస్తే ఇది అంత నిలదొక్కుకుంటుంది. బుర్ర ఒక చేతికి నడక నేర్పింది, రెండోదానికి నిలకడ. నిలబడ్డదాన్ని మెచ్చుకునేవాడు ఏ ఊళ్లోనూ ఉండడు.

ఇంట్లో కూర్చోలేక పీరాంబీ పని మార్చి చూసింది. కోడలు ఖమర్జహాన్ చేతిని తన కుడిచేత్తో నొక్కిపట్టి, గాజు కోడలినే తోసుకోమంది. రొట్టెలొత్తే ఆ కుడి చెయ్యి, సూదిలో దారం ఎక్కించే చెయ్యి, కాసేపు ఊరికే ఉండమంటే ఉండలేకపోయింది. అటు నుంచి గాజు రాగానే తనూ ఎదురు బయల్దేరింది. గాజు చిట్లింది. ఇంకోటి చిట్లింది. పీరాంబీకి తన చేతి మీద తనకే ఒళ్లు మండిపోయింది.

ఇంతలో కాసులమ్మ ఇంటి నుంచి కబురొచ్చింది, కూతురు బుల్లమ్మ సీమంతమని. కాసులమ్మ భర్త గవరపాలెంలో బెల్లం వ్యాపారి. ఆ ఇంట్లో పీరాంబీ అత్త తొడిగింది, ఆమె తరవాత పీరాంబీ తొడుగుతోంది. వెళ్లకపోతే ఊళ్లోకి కొత్తగా వచ్చిన గాజులావిడ ఆ గడప తొక్కుతుంది. ఒకసారి తొక్కిందంటే ఇంక వీధంతా ఆవిడదే. పోనీ వెళ్తే, కడుపుతో ఉన్న పిల్ల చేతి మీద గాజు చిట్లితే మళ్లీ పిలిచేదెవరు?

కోడల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. కోడలు పట్టుకుంటే తను తోద్దామనుకుంది. తన తోపు ఎంతో తన రెండో చేతికి తెలిసినట్టు కోడలికి ఎలా తెలుస్తుంది? తోసేసరికి పట్టు సడలింది. మొదటి గాజే చిట్లింది. పేరంటాళ్లంతా ఇటు తిరిగారు. కాసులమ్మ ముఖం మాడిపోయింది. కొత్త గాజులావిడకి కబురు పెట్టనా అని ఎవరో మెల్లిగా అడిగారు.

పీరాంబీ విరిగిన చేతిని వేలాడదీసుకున్న మెడలోని గుడ్డ తీసేసింది. ఎముక అతికేదాకా ఆ వేళ్లతో దేన్నీ గట్టిగా పట్టుకోవద్దని, పట్టుకుంటే చెయ్యి వంకరపోతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పిండికట్టు బయటకున్న ఆ వేళ్లతోనే బుల్లమ్మ చేతిని పట్టి నొక్కింది. నొప్పి మోచేతి దాకా పాకి, అక్కణ్ణుంచి పళ్ల దాకా ఎక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ దరిద్రపు చెయ్యి మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. బుల్లమ్మ రెండు చేతులూ నిండాయి. ఇంకొక్క గాజూ చిట్లలేదు.

కాసులమ్మ హమ్మయ్య అనుకుని, చేటలో బియ్యమూ రవికెగుడ్డా పెట్టి తెచ్చింది.

"సెయ్యి బానే ఉంది గదే పీరాంబీ. ఇన్నాళ్లూ ఊరికే కట్టు సూపించి తిరిగేవా ఏటి? ఎల్లుండి మా ఆడబిడ్డోలింట్లో కూడా తొడగాల. వత్తావా?" అంది.

ఆ చేట తీసి ఆవిడ నెత్తిన బోర్లించాలన్నంత కోపం వచ్చింది పీరాంబీకి. కట్టు లోపల చెయ్యి వాచిపోతోంది. వేళ్లు ముడుద్దామంటే ముడుచుకోవడం లేదు.

"వత్తానమ్మా," అంది.