నడిసముద్రంలో నా హాజరు

నా జేబులో ఉన్న ఫోన్ నాదే అని అమాయకంగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. లారీల్ని సరుకుతో సహా తూచే కాటాలు బాగుచేసే కంపెనీలో కొత్త ఉద్యోగం. ఇల్లు పెందుర్తిలో, పని దూరంగా సముద్రం పక్కనున్న అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో. హాజరుకి సంతకాల్లేవు. కంపెనీ యాప్ ఒకటి నా ఫోన్‌లో తిష్ఠ వేసి, నేనెక్కడున్నానో మా సూపర్‌వైజర్‌గారి మ్యాప్ మీద చుక్కగా చూపించేది. (ఫోన్ కొన్నది నేను, చాడీలు చేరవేసేది ఆయనకి!) సరిగ్గా అప్పుడే నాన్నకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు, మద్దిలపాలెం దగ్గర ఒక ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్. అమ్మ తోడు వెళితే ఆ రక్తం గొట్టాలు చూసి కళ్ళు తిరిగి పడిపోయేది, నర్సులకి ఒక పేషెంటు కాస్తా ఇద్దరయ్యేవారు. "ఎవులూ వొద్దు, నానెల్లగల్ను" అనేవాడు నాన్న. కానీ మిషన్ తిరుగుతున్నంతసేపూ తలుపు వైపే చూస్తూంటాడని నర్సు నాతో చెప్పింది. నా సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి.

మొబైల్ షాపులో పనిచేసే మా మేనత్త కొడుకు దీనికో మందు చెప్పాడు. ఫోన్‌ని రూట్ చెయ్యడం.

"రూట్ సేత్తే లోపలి తాళాలన్నీ మన సేతికొచ్చేత్తాయి బావా. నువ్వు ఆస్పత్రిలో కూసో, నీ సుక్క అచ్యుతాపురంలో కూసుంటాది."

"రూట్ సెయ్యకుండా అవదేటి?"

"దొంగ లొకేషనని యాప్ పసిగట్టేత్తాది."

నష్టాలు కూడా బావే చెప్పాడు, పాపం, దాచలేదు. వారంటీ పోతుంది. లోపలున్నవన్నీ చెరిగిపోతాయి. బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. మధ్యలో ఏ చిన్న తేడా వచ్చినా ఫోన్ మళ్ళీ లేవదు. బావ చెప్పనిది ఒకటుంది. పట్టుబడితే ఉద్యోగం పోతుంది, ఆ ఉద్యోగంతో వచ్చిన వైద్యం కార్డు మీదే నాన్న డయాలసిస్ నడుస్తోంది. పది రోజులు నిద్రాహారాలు మాని ఆలోచించాను (ఆహారం మానలేదు, నిజం చెప్పాలి). పెళ్ళిచూపులకి కూడా తర్వాత నేనంత ఆలోచించలేదు. పదకొండో రోజు ఫోన్ తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాను.

మూడుసార్లు అద్భుతంగా సాగింది. నాన్న పోర్టులో క్రేన్ డ్రైవర్‌కి కిందనుంచి చేతి సైగలిచ్చే పని చేసేవాడు. ఇంట్లోనూ సైగలే. వేలెత్తితే మంచినీళ్ళు, అరచెయ్యి దించితే టీవీ సౌండు తగ్గించమని. డయాలసిస్ మంచం మీద సూది గుచ్చిన చెయ్యి కదపకూడదు కదా, గత్యంతరం లేక నోరు విప్పాడు. చిన్నప్పటి సంగతులు, అమ్మని మొదటిసారి చూసిన రోజు, అన్నీ చెప్పాడు. ఇరవై నాలుగేళ్ళలో వినని మాటలు ఆ మూడు రోజుల్లో విన్నాను.

నాలుగోసారి కిక్కిరిసిన బస్సులో నిలబడి, మ్యాప్ మీద చుక్క పెడుతూంటే బొటనవేలు జారింది. నేను చూసుకోలేదు. నాన్న పక్కన కూర్చోగానే సూపర్‌వైజర్‌గారి ఫోన్. ఆయనది కోనసీమ, కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది.

"ఏవండీ బాబూ, ఎక్కడున్నారండీ?"

"అచ్యుతాపురంలో సార్. కాటా కింద ఉన్నాను."

"అలాగాండీ. ఇక్కడేమో తమరు నడిసముద్రంలో కనబడుతున్నారండీ. కాటా తేలుతోందా, మునిగిందాండీ?"

సరిగ్గా అప్పుడే డయాలసిస్ మిషన్ కుయ్యిమంది. "అది ఆసుపత్రి మిషన్ కదండీ, ఎవరికండీ?" అన్నారు. "నాన్నకి సార్" అన్నాను. "రేపు ఫోన్ మామూలుగా చేయించి పట్రండి. ఇకనుంచి చుక్కా, మీరూ ఒక్కచోటే ఉండాలండీ. పైవాళ్ళ కంటపడితే నేనేం చెయ్యలేను" అని పెట్టేశారు.

"ఏటైనాదిరా?" అన్నాడు నాన్న. చెప్పాను. నర్సు పరిగెత్తుకొచ్చేటంతగా నవ్వాడు. "ముప్పయ్యేళ్ళు పోర్టులో సేసినాను, ఏనాడూ ఒడ్డు దాటి ఎల్నేదు. నువ్వు కూసున్న సోటినుంచే సముద్రంలోకెల్లిపోనావు!" అంతలోనే నవ్వు ఆపేశాడు. "ఇంక నువ్వు రావొద్దు. కార్డు పోతే ఇద్దరం ఇంటికాడ కూసోవాల."

బావ ఫోన్‌ని యథాస్థితికి తెచ్చాడు. నేనూ యథాస్థితికి వచ్చాను. నాన్న ఒక్కడే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేవాడు, నేను అచ్యుతాపురంలో కాటా గోతిలో గ్రీజు పూసుకుని ఉండేవాణ్ణి. ఒకరోజు డయాలసిస్ మధ్యలో ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావురా?"

"అచ్యుతాపురంలో నాన్నా."

"నిజిమేనా?"

"నిజంగానే."

వెనకాల మిషన్ తిరుగుతూనే ఉంది.

"అబద్దమైతే బాగుణ్ణురా" అన్నాడు.

ఆ చలికాలం దాటలేదు నాన్న. తర్వాత ఎన్నో ఫోన్లు మార్చాను, ఒక్కదాన్నీ రూట్ చేయలేదు. ఫోన్ పాడవుతుందేమోనని పది రోజులు గింజుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త చూసి వేలు పెట్టి ఉంటే ఇంకో రెండు నెలలు నాన్న మాటలు వినేవాడివి కదరా వెధవా, అని వాణ్ణి తిట్టాలనీ అనిపిస్తుంది.