నాయన వేసిన ముడి

మా చిన్నప్పుడు తిరుచానూరులో, మా ఇంట్లో తెల్లవారేది రేడియోతోనే... నాయన దాని చెవి మెలిపెట్టగానే కాసేపు గరగరమని, తర్వాత భక్తి పాటలు అందుకునేది. వసారాలో చాప మీద అమ్మ, నేను పూలు కట్టడానికి కూర్చునేవాళ్లం. కనకాంబరాలు, మల్లెలు, మధ్యమధ్య మరువం... ఒళ్లో తడిపిన అరటినార.

మాది పూల కొట్టు. అమ్మవారి గుడి వీధిలో ఒక బల్ల, రెండు బుట్టలు, అంతే. ఇంట్లో గడియారం లేదు. వార్తలు మొదలయ్యేసరికి మాలలు బుట్టలో పడాలి, వార్తలు ముగిసేసరికి నాయన సైకిలెక్కాలి. మాలలు ఆలస్యమైతే అమ్మ వార్తలు చదివే ఆయన మీద విసుక్కునేది. "ఈయప్పకు ఈ పొద్దు అంత తొందరేమో" అని.

ఆ ట్రాన్సిస్టరంటే నాయనకు ప్రాణం. దాని గొంతు బొంగురుపోతే సెల్లు తీసి మిద్దె మీద ఎండలో పెట్టేవాడు. ఆ వేడికి కొంచెం ఓపిక వచ్చి ఇంకో నాలుగు రోజులు పాడేది. ఇలా తీసీ పెట్టీ వెనక మూత కొక్కెం విరిగిపోయింది. నాయన అరటినార తెచ్చి రేడియో చుట్టూ తిప్పి, మాలకు వేసినట్టే ముడి వేశాడు.

"పూలోళ్ల రేడియో గదా... దీనికీ ఒక మాల" అని నవ్వాడు.

సెల్లు తీసినప్పుడల్లా పాత నార పోయి కొత్త నార వచ్చేది. నాయన ముడి చిన్నగా, గట్టిగా ఉండేది. అమ్మకు కూడా అంత బాగా రాదు... ఆ మాట అంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

ఒక వానాకాలం నాయన జ్వరంతో పడుకున్నాడు... మళ్లీ లేవలేదు.

మా ఇళ్లలో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా పండగ లేదు, పాట లేదు. అమ్మ రేడియోను నాయన తువ్వాలులో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టబోయింది. పక్కనే ఉన్న పెద్దమ్మ ఆపింది.

"ఆ సెల్లన్నా తియ్యి మే, టార్చిలైటుకు పనికొస్తాయి."

"ఆయన ఏసిన ముడి అక్కా... నేను ఇప్పను" అంది అమ్మ.

పెట్టె మూత పడింది.

పూలు కట్టడం మాత్రం ఆగలేదు. కొట్టుకు ఇప్పుడు అమ్మే పోవాలి. వసారాలో నార చీల్చే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. పొద్దు ఎంతైందో తెలిసేది కాదు. ఎదురింటి రేడియోలో వార్తలు వినపడితే అమ్మ తల వంచుకుని ఇంకా వేగంగా కట్టేది. ఒకసారి నేనే అడిగాను, మన రేడియో ఎప్పుడు పెడతావని.

"ఏడాది కానీ పాపా. ముల్లు మీ నాయన తిప్పిన కాడే ఉండాది. ఆయన యాడ ఆపినాడో ఆణ్నించే పలకతాది" అంది.

అమ్మ ఆ ఏడాదంతా ఆ మాట మీదే బతికిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది...

సంవత్సరికం అయిన మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి పెట్టె తెరిచింది. తువ్వాలు విప్పి, రేడియోను చాప మీద పెట్టి చెవి తిప్పింది. గరగర కూడా లేదు. కొంగుతో తుడిచి మళ్లీ తిప్పింది. మళ్లీ...

"సెల్లు అయిపోయుంటాయి అమ్మా" అన్నాను.

ఇక ముడి విప్పక తప్పలేదు. నార తడిస్తే మెత్తబడుతుందని పూలవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ గిన్నెలో వేలు ముంచి, ముడి మీద ఒక్కో చుక్కే వేస్తూ గోటితో మెల్లగా కదిపింది. తెగకుండా విప్పి దాచుకోవాలని ఆమె ఆశ. కానీ ఏడాది ఎండిన నార... వేళ్ల మధ్యే పొడిపొడి అయింది.

మూత తీస్తే, సెల్లు పగిలి కారిపోయి ఉన్నాయి. తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి. స్ప్రింగులు, తీగలు అన్నీ తినేసింది.

తిరుపతిలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన లోపలికి చూసి, "సెల్లు తీసేది మర్సిపోయినారాక్కా?" అన్నాడు.

"మర్సిపోలేదప్పా" అంది అమ్మ.

"అంతా తినేసుండాది. ఇది ఇంక పలకదు."

బస్సులో రేడియోను ఒళ్లో పెట్టుకుని అమ్మ ఏడ్చింది. నాయన పోయినప్పుడు కూడా నలుగురిలో అంతగా ఏడవలేదు.

ఇంటికి వచ్చాక ఆ పాడైన సెల్లు పారేసి, మూత పెట్టి, కొత్త నార తడిపి చుట్టూ కట్టింది. లోపల ఏమీ లేదు కదా, ఎందుకని అడిగాను.

"మూత పడిపోతాది గదా" అంది.

ఇప్పుడు అమ్మా లేదు. రేడియో నా దగ్గరుంది. ఫోను ముట్టుకుంటే చాలు, ఏ పాటైనా వస్తుంది... ఎండలో పెట్టే పనే లేదు. ఊరికి వెళ్లేముందు నేను టీవీ రిమోట్లో, గోడ గడియారంలో సెల్లు తీసి పక్కన పెడతాను. రెండు రోజులకే ఇంత హడావుడా అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ అని ఊరుకుంటాను.

పలకదని తెలిసీ పారేయలేని వస్తువు మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది... దాని సంగతి చెప్పండి, వింటాను.

నేనైతే దుమ్ము తుడిచేటప్పుడు అమ్మ కట్టిన ముడి మీదికి గుడ్డ పోనివ్వను. లోపల సెల్లు లేవు... ఈ ముడి విప్పకపోయినా నష్టం లేదు.