ఆ శోకం ఎవరిది?

మొన్న టెక్కలిలో ఒక కాలేజీ హాల్లో పట్నం కుర్రాళ్లు పెద్ద తెర కట్టి ఒక సింఫనీని పరిచయం చేశారు. యూరప్‌లో నూరుమంది కూర్చుని వాయించే సంగీతం, రాసినాయన పోయి వందేళ్లు దాటింది. మైకు పట్టుకున్న అమ్మాయి, "ఈ ప్రాంతం వాళ్లు ఇలాంటిది వినడం ఇదే మొదటిసారి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నాలుగు మాటలు అడగబోతే మనవరాలు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అక్కడ మింగిన మాటలు ఇక్కడ కక్కుతున్నాను. ఇదే సింఫనీని ఉద్దానం ఇసుకలో కూర్చుని విన్నవాళ్లున్నారు. వినిపించినవాడు మా అక్క మొగుడు, మా బావ.

బావ పలాసలో మా చర్చి క్వయర్‌ని నడిపేవాడు. స్వరం తప్పితే పాస్టరుగారినైనా మధ్యలో ఆపి మళ్లీ పాడించే రకం. నేను జీడిపప్పు బట్టీలో పనిచేస్తూ, దొరికిన పుస్తకమల్లా చదివి, దొరకని వాటి మీద కూడా వాదించేవాణ్ని. కనక మాకిద్దరికీ ఎప్పుడూ పడలేదు. ముసలితనంలో ఫోను వాడటం నేర్చుకుని ఎక్కడ పట్టాడో, ఈ సింఫనీని పట్టాడు. ఇక కీర్తనలు కూడా రుచించడం మానేశాయి. చర్చిలో వినిపిస్తానంటే, అంతసేపట్లో ప్రభువు పేరు ఒక్కసారైనా రాలేదని పెద్దలు ఒప్పుకోలేదు.

అంతలో బావ కిడ్నీలు పోయాయి. మా వైపు ఆ మాట చెబితే ఎలా వచ్చిందని ఎవరూ అడగరు, ఎప్పట్నించి అని అడుగుతారు. పరీక్షలకని మా రక్తం పట్టుకెళ్లారు, మా బావుల నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, ఎంతమంది వచ్చారో, ఎన్ని కార్లు వచ్చాయో. ఇదీ కారణం అని మా గుమ్మంలోకి వచ్చి చెప్పినవాడు ఒక్కడూ లేడు.

డయాలసిస్‌లో బావ పక్క మంచం ఒక మత్స్యకారుడిది, సముద్రం ఒడ్డు పల్లెవాడు. యంత్రం గరగరమంటూ ఉంటే ఇద్దరూ పైకప్పు చూస్తూ పడుకోవాలి. ఒకనాడు బావ తన ఇయర్‌ఫోన్లలో ఒకటి అతని చెవిలో పెట్టాడు.

"ఏటి బావా ఇది? వాన ముందర సముద్దరం లాగుంది."

"అవి పెద్ద వయొలిన్లు. ఇప్పుడు చూడు, బాకాలు ఎక్కడ..."

"మాటాడకు. ఇననీ."

తనని నోరు మూసుకోమన్న మొదటి మనిషిని చూసి బావకి ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి ఒకటే పట్టు. పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కసారి, ఆఖరి దాకా వినిపించాలి. ఆ తర్వాత తన సంగతి ఎలాగైనా కానీ అనేవాడు. "మా ఊరు రా, నాను కూకోబెడతాను" అన్నాడు ఆ మత్స్యకారుడు.

అల రేగి పడవలు దిగని రోజు చూసుకుని ఆటోలో బయల్దేరాం. మా అక్క శాపనార్థాలు వెనక, స్పీకరు నా ఒళ్లో. జీడితోటలు దాటి పల్లె చేరేసరికి వలలు బాగుచేసుకునే పాకలో మగవాళ్లు పని చేసుకుంటున్నారు, ఆడవాళ్లు ఇసుకలో చేరారు. బావ స్వరకర్త పుట్టుక దగ్గర మొదలుపెట్టి, ఆయన పెళ్లికి వచ్చేసరికి ఆయాసపడి కూలబడ్డాడు. నేను ఫోను నొక్కాను. మొదటి భాగం వింతగా విన్నారు. రెండోది నాట్యం లాంటిది. అది తమ ఊరి పెళ్లిమేళమేననీ, ఎవడో ఎత్తుకుపోయాడనీ ఒక ముసలాయన తేల్చేశాడు. మూడోది హడావుడిగా సాగిపోయింది. నాలుగోది, ఆఖరిది, నెమ్మదిగా మొదలైంది. వలల్లో చేతులు ఆగిపోయాయి.

అప్పుడు లేచింది ఆ మత్స్యకారుడి భార్య.

"అన్నయ్యా, ఇది శోకమే కదా? ఎవులిది?"

"ఎవరిదీ కాదమ్మా. సంగీతం."

"అయితే ఆపీ. పేరు నేని శోకం ఊళ్లో పెట్టకూడదు. ఇల్లెతుక్కుంటాది."

వాళ్లలో చావు జరిగితే ఆడవాళ్లు శోకం పెడతారు, ప్రతి చరణం చివరా పోయిన మనిషి పేరు పిలుస్తారు. పేరు లేకుండా ఏడిస్తే ఆ ఏడుపు ఎవరి గుమ్మంలోకో వెళ్తుందని వాళ్ల పట్టింపు. నేను ఆపేశాను. బావ గాభరాపడి, స్వరకర్త తన జీవితానికే వీడ్కోలుగా రాసుకున్నాడని చెప్పాడు.

"అలాగైతే ఆయన పేరే సెప్పు."

బావ చెప్పాడు. ఒకరిద్దరు పలకబోయి వదిలేశారు.

"నోరు తిరగని పేరెట్టుకుని ఎలాగ ఏడుత్తాం?" అందామె.

బావ మొహం చూడలేకపోయాను. చివరికి తనే, "నా పేరు పెట్టుకోండమ్మా. ఎలాగూ ఎంతో దూరం లేదు" అన్నాడు.

"ఆగెహె బావా! మిషను మీదకి ముందెక్కింది నాను. నా తరవాతే నువ్వు" అని లేచాడు పక్క మంచం మనిషి. మగవాళ్లు ఘొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు.

"ఇద్దరూ నోరు ముయ్యండి. బతికున్నోల పేర్లు పెడతారేటి?" అని సముద్రం వైపు చూస్తూ నిలబడింది. తర్వాత అదే జబ్బుతో పోయిన తమ్ముడి పేరు చెప్పి, "ఆడిది. మళ్లీ పెట్టు" అంది నాతో.

పెట్టాను. వయొలిన్లు ఒక వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోటల్లా ఆమె ఆ పేరు మెల్లగా అంది. ఇంకొకామె మరో పేరు అంది. కొన్ని సముద్రం తీసుకెళ్లినవి, ఎక్కువ ఆ జబ్బు తీసుకెళ్లినవి. ఆఖరికి వాద్యాలు ఒక్కొక్కటే సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అల చప్పుడు మిగిలింది.

తిరుగుదారిలో బావ, వయొలిన్ల మాట ఒక్కడూ అడగలేదని సణిగాడు. కాశీబుగ్గ వచ్చాక, "ఆఖరి దాకా కూర్చున్నారురా" అన్నాడు.

ముందు ఆ మత్స్యకారుడు పోయాడు, తర్వాత బావ. బావ సమాధి దగ్గర వినిపిస్తానంటే చర్చి పెద్దలు మళ్లీ కాదన్నారు. నేను మళ్లీ పోట్లాడాను, వాళ్లు మళ్లీ గెలిచారు. అందుకే ఏడాదికోసారి, పడవలు దిగని రోజు, స్పీకరు పట్టుకుని ఆ పల్లెకే వెళ్తున్నాను. ఆమె మొగుడి పేరు అంటుంది, వెంటనే మా బావ పేరు అంటుంది, తర్వాత మిగతావాళ్లు అందుకుంటారు. సింఫనీ నిడివి అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఈ మధ్య మాత్రం పేర్లు ఇంకా మిగిలి ఉండగానే అది అయిపోతోంది.