పదిహేడు అధ్యాయాల ఫైలు

టెక్కలిలో నా డీటీపీ షాపు పెట్టినప్పటి నుంచీ ఒకే తెలుగు టైపింగ్ ప్రోగ్రాం మీద బతికాను. పెళ్లికార్డులు, దస్తావేజులు, చర్చి కరపత్రాలు, అన్నీ దాంట్లోనే. దాన్ని తయారుచేసింది ఒకే ఒక్కాయన, ఎక్కడో నగరంలో ఉంటాడు. మొదట్లో ఫోన్ చేస్తే ఆయనే ఎత్తేవాడు. ఫలానా ఒత్తు విరుగుతోందండీ అంటే వారం తిరక్కుండా సరిచేసి సీడీ పంపేవాడు. ఆ మర్యాదకే మేం పడిపోయాం. పలాస, కోటబొమ్మాళి, ఇచ్ఛాపురం ఆపరేటర్లం కలిసి ఫోన్లో ఒక గ్రూపు కూడా పెట్టుకున్నాం. నెట్‌లో ఉచితంగా దొరికే తెలుగు కీబోర్డు ప్రోగ్రాంలంటే మాకు చిన్నచూపు.

ఒకరోజు ప్రోగ్రాం తనంతట తానే కొత్త వెర్షన్ వేసుకుంటానంది. సరేనన్నాను. ఆ తర్వాత ఏ పాత ఫైలు తెరిచినా అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించాయి. పాతది మళ్లీ ఎక్కిద్దామంటే దొంగ కాపీలు ఆడకుండా కంప్యూటర్ వెనక గుచ్చే లాక్ ఇక దాన్ని ఒప్పుకోలేదు. ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి కంప్లయింట్ నంబరు చెప్పి పెట్టేసింది.

గ్రూపు భగ్గుమంది. కోటబొమ్మాళి అతను, "మనం నిలబెట్టిన మనిసి మనల్నే నంబర్లు సేసీసినాడు బావా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. తిట్టారే గానీ ఒక్కరూ వేరే ప్రోగ్రాంకి మారలేదు. నేనైతే తిట్టనైనా లేదు, ఆయన తరఫున వాదించాను. నేను ఎంచుకున్నదాన్ని ఇంకొకరు తప్పుబడితే నాకు పడదు.

ఆ డబ్బాల్లో ఒక మాస్టారి పుస్తకం ఉంది. ఉద్దానంలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. మిగతా రోజుల్లో ఓపికుంటే బస్సెక్కి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చునేవారు. తన బడి గురించీ, జీడితోటల్లోకి పారిపోయే పిల్లల గురించీ పదిహేడు అధ్యాయాలు. తెర మీద చూస్తూ రెండేళ్లు దిద్దించారు. నోటు పుస్తకాల్లో రాసినదానికీ దీనికీ పోలికే లేకుండా పోయింది. అచ్చయిన పుస్తకం చేత్తో పట్టుకోవాలి, అంతే ఆయన కోరిక. ఒకసారి ప్రింటు తీసి ఇమ్మన్నారు. ఎలాగూ మళ్లీ దిద్దుతారు, కాగితం దండగ అన్నాను.

ఇప్పుడూ అలాగే తేలిగ్గా, కొద్దిరోజులు ఆగండి మాస్టారూ, ఆయన తప్పకుండా బాగుచేస్తాడు అన్నాను. ఆరు వారాలు అదే మాట చెప్పాను. ఆ తర్వాత ఒకరోజు ఆయన నెమ్మదిగా అన్నారు:

"ఆయన ఆగమంటే నాను ఆగుతాను బాబూ. నా ఒళ్లు ఆగాల గదా. నాను సెప్తాను, నువ్వు కొట్టు. దేన్లో అయితే ఏటి?"

అప్పుడు ఆ ఉచిత కీబోర్డుల్లోనే ఒకటి తెరిచాను. కళ్లు మూసుకుని పేజీలు కొట్టేసే వేళ్లు ఒక్కో అక్షరం వెతుక్కున్నాయి. ఆయన కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటూ చెప్పేవారు. నేను వెనకబడితే ఆగేవారు. తొలిరోజే ఇది మొదలుపెట్టి ఉంటే పుస్తకం అయిపోయేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పదకొండో అధ్యాయం సగంలో ఉండగా ఆయన రావడం మానేశారు. తర్వాతి వారం వాళ్ల ఊరు వెళ్లి దహనం దాకా ఉండి వచ్చాను.

దినకార్యాలు కూడా కాకముందే ఆ తప్పు సరిచేసే కొత్త ప్యాచ్ వచ్చింది. వేసి, మాస్టారి ఫైలు తెరిచాను. పదిహేడు అధ్యాయాలూ ఉన్నాయి, ఒక్క ఒత్తు కూడా చెదరలేదు. సాయంత్రం ప్రోగ్రాం తయారుచేసినాయనే స్వయంగా ఫోన్ చేశాడు. గ్రూపులో మీరొక్కరే నా తరఫున మాట్లాడారట, చాలా సంతోషం అన్నాడు.

"అందరూ ఊరికే కంగారుపడ్డారు గానీ, ఏమీ పోలేదు కదండీ?"

"ఏమీ పోలేదండీ" అన్నాను.