తారామణి వెతికిన చెవుడు

తారామణి నాచారం ప్రభుత్వ బడిలో బయాలజీ టీచర్. నలభై మూడేళ్ల వయసులో పీహెచ్‌డీలో చేరింది. చిన్న ఫ్యాక్టరీల్లో రేకులు కొట్టే మిషన్ల మోతకు పనివాళ్లకు వచ్చే చెవుడు ఆమె అంశం. ఆమె తండ్రి రాజయ్య ముప్పై ఏళ్లు ఆ మిషన్ల దగ్గరే నిలబడ్డాడు. ఇప్పుడు కూర వడ్డించాలా అని అడగాలన్నా ఇంట్లో అరవాల్సిందే.

నాలుగు నెలలుగా బడి నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. 'ఫ్యాక్టరీ కార్మికులకు చెవుడు ఎందుకొస్తుంది' అని ఇంగ్లీషులో కొడితే వినికిడి మిషన్ల ప్రకటనలు, ఉప్పల్‌లో చెవి డాక్టర్ల చిరునామాలు వచ్చేవి. వాటి మధ్య దొరికినవేవో ఏరి రెండు చాప్టర్లు రాసి, ఆ వ్యాసాల ప్రింట్లతో సహా గైడ్ రామ్మోహనరావు ముందు పెట్టింది.

ఆయన మూడో పేజీ దాటలేదు. "ఇవి పరిశోధన పేపర్లు కావమ్మా. ఎవరో రాసుకున్న కబుర్లు. వీటితో థీసిస్ ఎలా రాస్తారు?"

పిల్లలకు చదువు చెప్పే తనకు వెతకడం రాదా అని ఆమెకు దారంతా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు యూనివర్సిటీ లైబ్రరీలో లైబ్రేరియన్ రామస్వామి ఆమె స్క్రీన్ చూశాడు.

"మేడం, మీరు దాన్ని మనిషిని అడిగినట్టు అడుగుతున్నరు. పేపర్ రాసేటోళ్లు ఏ మాట రాస్తరో ఆ మాట పెట్టాలె."

"వాళ్లు ఏ మాట రాస్తరో నాకెట్ల తెలుస్తది సార్?" విసుక్కుంది.

"ఒక్క మంచి పేపర్ తెరువున్రి. మొదటి పేజీల కీవర్డ్స్ ఉంటయ్. అవ్వే."

ఆయన చూపించిన పేపర్ తెరిస్తే 'నాయిస్ ఇండ్యూస్డ్ హియరింగ్ లాస్', అంటే మోత వల్ల వచ్చే చెవుడు, అని ఉంది. ఆ మాటలన్నిటినీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పరిశోధన పేపర్లను వెతికే గూగుల్ స్కాలర్‌లో కొట్టింది. ఒక్క ప్రకటనా లేదు. ఒక పేపర్ కింద 'సైటెడ్ బై' నొక్కితే, దాన్ని ఆధారం చేసుకున్న పేపర్లన్నీ వరుసగా వచ్చాయి. తొమ్మిదోది చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. అవే మిషన్లు, అవే పరీక్షలు. ఆరేళ్ల కిందటే వేరే రాష్ట్రంలో ఎవరో చేసేశారు.

"నాలుగు నెలలు సార్! ఇది ముందే దొరికితే వేరే టాపిక్ తీసుకుందును కద!" రామస్వామి వైపు తిరిగింది.

"జర ఆఖరి పేజీలు సదువున్రి. వాళ్లు ఏం చెయ్యలేదో ఆడ రాస్తరు."

కోపంతోనే చదివింది. పనిలో ఉన్నవాళ్లనే పరీక్షించామనీ, పని మానేసిన వాళ్ల సంగతి తెలియదనీ రాశారు. ఆ వాక్యాన్ని రెండోసారి నెమ్మదిగా చదివింది. నాచారంలో అలాంటివాళ్లు వీధికి పదిమంది ఉంటారు.

"పని మానేసినవాళ్ల మీదే చేస్తాను సార్," అంది శనివారం గైడ్‌తో.

"ఈ ప్రశ్న బాగుంది," అన్నాడాయన. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే, "అయితే రాసిన రెండు చాప్టర్లూ పనికిరావు. మళ్లీ మొదలుపెట్టండి," అన్నాడు.

ఆ చాప్టర్ల అరవై పేజీలనూ సంచిలో కుక్కుకుని బయటికొచ్చింది. గోడవైపు తిరిగి కాసేపు ఏడ్చింది. లైబ్రరీ మూయడానికి ఇంకా గంట ఉందని చూసుకుని, ముఖం కడుక్కుని మెట్లెక్కింది.