అవ్వ తాడు, మామ చేతికర్ర

మా అత్తగారింట్లో గొప్పంతా వీధివైపే ఉండేది. అది మా మామ ఏర్పాటు. ఆయనకు మార్కాపురం బజారులో గుడ్డల దుకాణం. సరుకు కోసం మద్రాసు పోయి వచ్చినప్పుడల్లా కొత్త డాంబికం ఒకటి మూటగట్టుకొచ్చేవాడు.

ఆయన తల్లికి, అంటే మా అవ్వకు, చూపు పూర్తిగా పోయింది. అయినా ఆమె ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. వంటింటి గుమ్మం నుంచి బావి మీదుగా పెరటి చివర మరుగుదొడ్డి దాకా పాత చేదతాడు ఒకటి కట్టించుకుంది. బావి దగ్గర ఒక ముడి, దొడ్డి దగ్గర రెండు. తాడు పట్టుకుని పోయి తన పని తాను చూసుకుని వచ్చేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను సాయం పోతే కసిరింది.

ఒకసారి భోజనానికి వచ్చిన గిద్దలూరు వ్యాపారి పెరట్లో చెయ్యి కడుక్కుంటూ, ఆ తాడు దూడ కోసమా అని అడిగాడు. మామకు తల తీసేసినట్లయింది. మద్రాసులో దొరల చేతుల్లో చూసి మోజుపడ్డాడు కాబోలు, ఈసారి పోయినప్పుడు కొసకు వెండి పొన్ను తొడిగిన చేతికర్ర తెచ్చాడు. అది అవ్వ చేతిలో పెట్టి, తాడు విప్పించి పొయ్యిలో వేయించాడు. తల్లికి వెండికర్ర కొనిచ్చిన కొడుకని బజారంతా పొగిడింది. వాళ్లదేం పోయింది? పెరట్లో పరిచినవి పలకరాళ్లు. తడి తగిలితే కర్ర కొస సర్రున జారేది. రెండుసార్లు పడబోయాక అవ్వ ఒంటరిగా గుమ్మం దాటడం మానేసింది.

నడివేసవిలో ఆమె పెదాలు పగిలి ఉండడం చూసి చెంబుతో నీళ్లిచ్చాను. నాలుక తడుపుకుని చెంబు తిరిగి ఇచ్చేసింది. ఎందుకని అడిగాను.

“తాగితే పోవాల గదమ్మా. పోవాలంటే ఎవర్నన్నా పిలవాల. దానికి గూడా పిలవాల్నా?”

ఆ సంగతి చెబుదామని వసారాలోకి వెళ్లాను. మామ ఎవరికో కర్ర చూపిస్తున్నాడు.

“ఇది తెచ్చినంక మాయమ్మ ఒక్కరిని పిలిచింది లేదు. అంత సుఖంగా ఉండాది.”

ఆయన మొహం చూస్తే నాకు అసహ్యం వేసింది. అటునుంచి అటే పెరట్లోకి వచ్చి, బావి గిలకకున్న తాడు విప్పి, గుమ్మం నుంచి దొడ్డి దాకా కట్టాను. ముళ్లు అవ్వే వేసుకుంది. వేసుకుని, చెంబెడు నీళ్లు అడిగి గటగటా తాగింది.

సాయంత్రం మామ స్నానానికి నీళ్లు తోడమన్నాడు. తోడే తాడు పెరట్లో కట్టానని చెప్పాను. విప్పుదామని విసురుగా వచ్చాడు గాని, అప్పటికి అవ్వ దాన్ని పట్టుకుని దొడ్డి వైపు నడుస్తూ ఉంది. ఆ పూట ఆయన స్నానం లేకుండానే అన్నానికి కూర్చున్నాడు. నేనే వడ్డించాను. జాలి మాత్రం కలగలేదు.